నూనె తగ్గించమంటే నువ్వులు మానేశాం

"నూనెగింజలు కదా బాబూ, అందుకే మానేశాను" అంది అమ్మ.

ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు. కుడిచేత్తో వంటింటి గూట్లోంచి స్టీలు డబ్బా తీసి నా ముందు పెట్టింది. అడుగున పిడికెడు నువ్వులున్నాయి. రెండు నోట్లో వేసుకుంటే చేదు. ఆరేళ్ల కిందట నాన్న గుండెకి స్టెంట్ వేశారు. అంతకు ముందు సంక్రాంతికి అరిసెల కోసం తెచ్చిన నువ్వుల్లో మిగిలినవట అవి. ఆ తర్వాత మళ్లీ కొననేలేదు.

అమ్మ ఎత్తు నుంచేం పడలేదు. నూతి గట్టు దగ్గర నాచు మీద కాలు జారి, కింద చెయ్యి ఆనించింది. అంతే, మణికట్టు ఎముక విరిగింది. నిలుచున్న మనిషి పడినంతమాత్రాన ఎముక విరిగిందంటే లోపల అది గుల్లబారి ఉంటుందని, అరవై దాటిన ఆడవాళ్లలో ఇది తరచూ చూస్తుంటామని కట్టు కట్టిన డాక్టరు చెప్పారు. కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాశారు. "పాలు, నువ్వులు, చోళ్లు (రాగులు) తింటున్నారామ్మా?" అని అడిగారు. అమ్మ జవాబు చెప్పకుండా నావైపు చూసింది. పై మాట ఇంటికొచ్చాక చెప్పింది.

అమ్మానాన్న ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. నేను బరంపురంలో ఉద్యోగం చేసుకుంటూ నెలకో రెండు నెలలకో వచ్చి పోతుంటాను. వచ్చినప్పుడల్లా అమ్మ నాకు ఇష్టమైనవే వండింది కాబట్టి, నేను లేని రోజుల్లో ఆవిడేం తింటోందో ఎప్పుడూ అడగలేదు. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ బాధే.

నాన్న డిశ్చార్జి రోజున ఇచ్చిన జిరాక్స్ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద అంటించే ఉంది. నూనె, నెయ్యి, కొబ్బరి, నూనెగింజలు, గుడ్డు పచ్చసొన, మీగడ పాలు తగ్గించాలని అందులో ఉంది. మా ఇళ్లలో తగ్గించడం అంటే మానెయ్యడమే. పైగా అది నాన్న కోసం రాసిన కాగితం. ఇంట్లో ఉన్నదే ఇద్దరు మనుషులు, రెండు రకాల వంట ఎవరు చేస్తారు? నాన్న పథ్యమే అమ్మ పథ్యం అయిపోయింది.

ఆ రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాను. నిన్న ఏం తిన్నావు, మొన్న ఏం తిన్నావు అని అడిగి రాసుకున్నాను. పొద్దున్న ఇడ్లీ, లేకపోతే ఉప్మా. మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పుచారు, బీరకాయో ఆనపకాయో ఉడికించిన కూర. అన్నం తినగానే టీ. రాత్రికి మళ్లీ అన్నం, చారు. పాలు టీలోకి మాత్రమే. జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు దగ్గర పెట్టుకుని లెక్క కట్టాను. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకి పది మిల్లీగ్రాముల కాల్షియం కూడా ఉండదు. కందిపప్పు గుప్పెడు వేస్తే ఓ పాతిక. టీలో పాలు వంద మిల్లీలీటర్లనుకుంటే నూటిరవై. కూరగాయలన్నీ కలిపి ఇంకో యాభై. ఎంత ఉదారంగా లెక్కేసినా మూడొందలు దాటలేదు. పెద్దవాళ్లకి రోజుకి 1,000 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. అంతకు ముందున్న 600 అనే పాత లెక్కకి కూడా అమ్మ తిండి సగమే.

అదే కాగితంలో సాయంత్రం నాలుగింటి దగ్గర ఇంకో మాట ఉంది: "టీతో నాలుగు బిస్కెట్లు". నాన్నకీ నాలుగు. ప్యాకెట్ తిరగేసి చూస్తే మైదా, పంచదార, ఆ తర్వాత పామాయిల్. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, అంటే గుండె జబ్బు మనిషి ముందుగా తగ్గించుకోవాల్సిన రకం. నువ్వులు గడప దాటి వెళ్లిపోయిన ఇంట్లోకి పామాయిల్ రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటోంది. బిస్కెట్ చేతికి జిడ్డు అంటదు కదా, అందులో నూనె ఉందని అమ్మకి ఎలా తెలుస్తుంది?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. కొవ్వు తగ్గించుకోవాల్సింది మూకుడులోంచి, పొట్లంలోంచి. కంచంలోని గింజలోంచి, చేపలోంచి, పాలలోంచి కాదు. మనం దాదాపు ఎప్పుడూ దీన్ని తలకిందులుగా చేస్తున్నాం.

వెన్న పోయినా మజ్జిగ ఉంటుంది

మా నాయనమ్మ కవ్వంతో పెరుగు చిలికేది. పైకి తేలిన వెన్న ముద్దచేసి గిన్నెలోకి తీసేది, మజ్జిగ కుండలో ఉండిపోయేది. వెన్న కరిగిస్తే నెయ్యి. ఇంట్లో గౌరవమంతా నెయ్యికే. మజ్జిగ అడిగినవాళ్లకల్లా ఊరికే పోసేది.

ఇప్పుడు ఆలోచిస్తే, పాలలోని కాల్షియం దాదాపు మొత్తం ఆ ఊరికే పోసిన మజ్జిగలోనే ఉంది. నెయ్యిలో దాని జాడే లేదు. కాల్షియం, మెగ్నీషియం, జింక్, ఇనుము ఏవీ కొవ్వులో కరగవు. అవి కొవ్వుతో కలిసి పైకి తేలవు, నీళ్లతోనూ మాంసకృత్తులతోనూ కిందే ఉండిపోతాయి. అందుకే మీగడ తీసిన పాలలో కాల్షియం ఏమీ తగ్గదు. "మీగడ పాలు వద్దు" అన్నప్పుడు అమ్మ మీగడ తీసేసి పాలు తాగితే సరిపోయేది. పాలే సగానికి సగం తగ్గించేసింది. "మీగడ తీసి తాగండి" అని కాగితంలో ఇంకో మూడు మాటలుంటే ఎంత తేడా వచ్చేదో.

నువ్వులదీ ఇదే కథ. వంద గ్రాముల నువ్వుల్లో పొట్టుతో కలిపి 1,300 మిల్లీగ్రాములకి అటూ ఇటూ కాల్షియం, నలభైమూడు గ్రాముల దాకా కొవ్వు ఉంటాయి. గానుగాడించి నూనె తీస్తే కొవ్వు సీసాలోకి, కాల్షియం మిగిలిన పిప్పిలోకి, అంటే చెక్కలోకి వెళ్తాయి. నువ్వుల నూనె ఎంత పోసుకున్నా ఎముకకి చేరే ఖనిజం సున్నా. "నువ్వుల నూనె వాడుతున్నాం, కాల్షియం వస్తుంది" అని మా చుట్టాల్లోనే ఇద్దరు నాతో అన్నారు. రాదు.

పొట్టుతో కలిపి అని ఊరికే అనలేదు. నువ్వుల్లో కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొట్టులోనే. తెల్లగా మెరిసిపోతూ ప్యాకెట్లలో వచ్చే పొట్టు తీసిన నువ్వుల్లో అందులో పదో వంతు కూడా మిగలదు. చూడ్డానికి మాసినట్టుండే పొట్టు నువ్వులే కొనాలి.

వంటకి పోసే నూనె ఒక పెద్ద చెంచా అంటే పద్నాలుగు గ్రాముల కొవ్వు. అంతే కొవ్వు ముప్పై గ్రాముల నువ్వుల్లో ఉంటుంది, దాంతోపాటు దాదాపు నాలుగొందల మిల్లీగ్రాముల కాల్షియం, ఇనుము, జింక్, మెగ్నీషియం, పీచు కూడా ఉంటాయి. కూరలో ఒక పెద్ద చెంచా నూనె తగ్గించి అంతకు సరిపడా నువ్వులు పొడికొట్టి చల్లుకుంటే కొవ్వు పెరగదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో, రెండు వేల కేలరీలు తినే మనిషి రోజువారీ కంచంలో గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు చూపించారు. గింజలకి నూనె కంటే ఎక్కువ చోటిచ్చారు. మా ఫ్రిజ్ మీది కాగితంలో రెండింటినీ ఒకే గాటన కట్టేశారు.

"చెక్క తీసుకెళ్తారా?"

పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం. అక్కడ ఒక చిన్న నూనె మిల్లు ఉంది. అమ్మ కట్టు విప్పించిన వారం ఐదు కిలోల పొట్టు నువ్వులు కొని తీసుకెళ్లాను. నాకు కావాల్సింది నూనె కాదు, తెలకపిండి, అంటే ఆ నువ్వుల చెక్క. ఆ సంగతి మిల్లులో చెప్పడానికి మొహమాటపడి, అందరిలాగే నూనె డబ్బా కూడా పట్టుకెళ్లాను.

గానుగ తిరుగుతుంటే కమ్మటి వాసన వీధి మొగదాకా వచ్చింది. నూనె సన్నటి ధారగా దిగింది. ఆ పక్కన చెక్క పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది. గోధుమ, నలుపు కలిసిన రంగు, ఒక వైపు నున్నగా, రెండో వైపు గరుకుగా. విరిస్తే పుటుక్కున విరిగింది, వేళ్లకి కొంచెం జిడ్డు అంటింది. నోట్లో వేసుకుంటే ముందు కాస్త చేదు, నమిలేకొద్దీ కమ్మదనం.

"చెక్క తీసుకెళ్తారా, ఇక్కడే వదిలేస్తారా?" అని అడిగాడు మిల్లతను. చాలామంది వదిలేస్తారట. ఆడింపు కూలిలో తగ్గించుకుని అతను పశువుల వాళ్లకి అమ్ముకుంటాడు. నేను జవాబు చెప్పేలోపే బల్ల మీద కూర్చున్న ముసలామె అందుకుంది. "ఆ బాబు వదిలేస్తే నాకు రెండు కిలోలు ఇయ్యి. కూతురు పురుడోసుకుంది." పాలు పడతాయని బాలింతకి తెలకపిండి కూర పెట్టడం మా వైపు ఎప్పటినుంచో ఉన్నదే. నాకు తెలిసినదే. అయినా ఆ మిల్లులో ఆ పెచ్చు చేతిలో పట్టుకుని నిలబడ్డప్పుడు మాత్రమే దాని సంగతి అర్థమైంది. బిడ్డకి పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజూ కాల్షియం పోతుంది. ఆ సమయంలో ఆమె ముందు ఏం పెట్టాలో లెక్కలు తెలియని ఆడవాళ్లకి తెలుసు. పాలు నిజంగా పెరుగుతాయో లేదో నేను చెప్పలేను గానీ, ఆ తల్లి ఎముకలకి మేలు చేసే తిండి అది అని మాత్రం చెప్పగలను. రెండు కిలోలు ఆవిడకే ఇచ్చేశాను.

పశువుల దాణా కోసం మూటల్లో నెలల తరబడి పడున్న చెక్క తినకూడదు. తేమ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజు విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేరుశనగ చెక్కలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. శుభ్రమైన నువ్వులు మన కళ్లముందు ఆడించుకుని, ఎండలో ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసుకుని నెలలోపు వాడుకోవాలి.

అమ్మ తెలకపిండి కూర వండే పద్ధతి ఇది. ఎసట్లో ఉప్పు, పసుపు వేసి, మునగాకు దూసి వేస్తుంది. ఆకు మెత్తబడ్డాక దంచిన తెలకపిండి చల్లి, నీరంతా ఇగిరి పొడిపొడిగా అయ్యేదాకా సన్న సెగ మీద ఉంచుతుంది. చివర్లో ఒక చెంచా నూనెలో ఎండుమిరప, ఆవాలు, చితక్కొట్టిన వెల్లుల్లితో పోపు. మునగాకులోనూ కాల్షియం దండిగా ఉంటుంది. మొత్తం కూరలో మూకుట్లో పోసిన నూనె ఆ ఒక్క చెంచానే.

మా ఇంటి ఐదు లీటర్ల డబ్బా

అమ్మ లెక్క అయ్యాక నా ఇంటి లెక్క కూడా చూడక తప్పలేదు. బరంపురంలో మేం నలుగురం. ఐదు లీటర్ల నూనె డబ్బా సరిగ్గా నెలకి అయిపోతుంది. అంటే నాలుగున్నర కిలోలు. మనిషికి రోజుకి ముప్పై ఎనిమిది గ్రాములు పడుతోంది. ఇది ఇంట్లో వండినదే. పొద్దున్న ఆఫీసు దారిలో తినే బొరా, ఆలూ చాప్, పిల్లల చిప్స్ దీని మీద అదనం. బయట మూకుట్లో నూనె ఎన్నిసార్లు మరిగిందో కూడా తెలియదు.

ఇంత నూనె పడుతున్న ఇంట్లో మా ఆవిడకి హిమోగ్లోబిన్ పదికి తక్కువ. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటారు. నూనెలో తేలే తిండి కడుపు నింపుతుంది, కేలరీలూ ఇస్తుంది, ఇనుము మాత్రం ఇవ్వదు. కడుపు నిండిపోయాక ఆకుకూరకి, ఉలవచారుకి, నెత్తళ్ల పులుసుకి చోటెక్కడ? అమ్మ కొవ్వుకి భయపడి ఖనిజాలు పోగొట్టుకుంది, మేం కొవ్వులో మునిగి పోగొట్టుకున్నాం.

"నాలుగు నువ్వులు చల్లితే అంతా సర్దుకుంటుందా? నీకు ఇప్పుడు ప్రతిదానికీ నువ్వులే మందు అయిపోయాయి" అంది మా ఆవిడ. ఆ మాటలో నిజం ఉంది. ఇనుము తక్కువైనప్పుడు డాక్టరు రాసిన మాత్రలే వేసుకోవాలి, తిండితో అంత త్వరగా పూడదు. తనకి నేను చెప్పగలిగింది చిన్న మార్పు మాత్రమే. అన్నం తినగానే తాగే టీని గంటన్నర తర్వాతకి జరపడం, ఉలవలూ ఆకుకూరా ఉన్న పూట నిమ్మకాయ పిండుకోవడం. టీలోని వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, నిమ్మలోని సి విటమిన్ పట్టేలా చేస్తుంది. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకోకూడదని కూడా అప్పుడే తెలిసింది. ఒకటి ఇంకోదానికి అడ్డుపడుతుంది.

కొండమీద లెక్క వేరు

నా వాదన మీద నాకే అనుమానం వచ్చింది పర్లాకిమిడి సంతలో. గిడుగు రామమూర్తి గారు కొండజాతి సవరల భాష నేర్చుకున్న ఊరు కదా, సంతలో ఇప్పటికీ సవర, ఒడియా, తెలుగు మూడూ వినిపిస్తాయి. కొండ మీంచి దిగిన సవర ఆడవాళ్లు చోళ్లు, సామలు, కందులు, చింతపండు కుప్పలు పోసుకుని కూర్చుంటారు. చోళ్లని ఒడియాలో మాండియా అంటారు, కిందివైపు రాగులు అంటారు. వంద గ్రాముల చోళ్లలో మూడొందల యాభై మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, కొవ్వు రెండు గ్రాములైనా ఉండదు. కొవ్వు పెరగకుండా ఖనిజం కావాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి చిరుధాన్యాల పథకం నడుపుతూ మాండియా కొంటోంది.

మరి చోళ్లు పండించేవాళ్లు, నూనె చుక్కలు లెక్కపెట్టుకుని వాడేవాళ్లు ఆరోగ్యంగా ఉండాలి కదా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అరవై నాలుగు శాతం మందికి రక్తహీనత అని తేలింది. దేశం మొత్తం మీద అది యాభై ఏడు. సంతలో నేను చోళ్లు కొన్న అమ్మాయి అరచేతులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కొలత డబ్బాతో పోసి, చేయి ఆపి, ఊపిరి తీసుకుని మళ్లీ పోసింది.

అక్కడ తిండే తక్కువ. మలేరియా ఉంది, కడుపులో కొంకి పురుగులున్నాయి, కొందరికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. పండించిన చోళ్లు అమ్మి రేషన్ బియ్యం తినే ఇళ్లూ ఉన్నాయి. వాళ్ల దగ్గరికెళ్లి "నూనె తగ్గించండి" అనడం అన్యాయం. ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా, విటమిన్ డి పట్టాలన్నా కాస్త కొవ్వు ఉండాలి. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం కూడా సరిగా పట్టదు. కొండమీది బిడ్డకి చోడి జావలో చెంచా నూనె, బెల్లం, గుప్పెడు వేరుశనగపప్పు కలిపితే అదే మంచి తిండి. ఆస్పత్రి గోడల మీదా ఫోన్లలోనూ వినిపించే "కొవ్వు తగ్గించండి" అనే మాట పట్నంలో కుర్చీలో కూర్చునే నాలాంటివాడికి. అది కొండెక్కితే ఇంకోలా మారాలి.

గింజల్లో ఉన్నదంతా ఒంటికి చేరదు అనేది ఇంకో చిక్కు. చోళ్లలో, నువ్వుల్లో ఫైటేట్లు, నువ్వుల పొట్టులో, తోటకూరలో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టుకుని వదలవు. పట్టిక చూసి నేను కట్టిన నాలుగొందల్లో ఒంటికి పట్టేది, అంతే కాల్షియం ఉన్న పాల నుంచి వచ్చేదానికంటే తక్కువే. అందుకే పాలు, మజ్జిగ మానకూడదు. చోడిపిండిని ముందురోజు నానబెట్టి పులియనిచ్చి అంబలి కాచడం, చోళ్లు మొలకెత్తించి ఎండబెట్టి పిండి కొట్టుకోవడం మంచిది. పులిసినా మొలకెత్తినా ఫైటేట్లు తగ్గుతాయి. ముళ్లతో సహా నమిలే ఎండు నెత్తళ్లలో కాల్షియం బాగానే ఉంటుంది గానీ ఉప్పు కూడా అంతే. నాన్నకి బీపీ కాబట్టి అమ్మ వాటిని మూడుసార్లు వేడినీళ్లలో కడిగి, తనవరకే వండుకుంటోంది.

ఉద్దానం వైపు మా చుట్టాలున్నారు. వాళ్లలో ఇద్దరికి కిడ్నీ జబ్బు. ఇది చదివి వాళ్లు మునగాకూ తెలకపిండీ మొదలుపెట్టకూడదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి పొటాషియం, ఫాస్ఫరస్ ఒంట్లో పేరుకుపోతాయి. మాకు మేలు చేసే గింజలే వాళ్లకి ముప్పు. వాళ్ల తిండి వాళ్ల డాక్టరు చెప్పినట్టే ఉండాలి.

నాన్న డాక్టరు దగ్గరికి ఈసారి నేనే వెళ్లాను. నువ్వులు, ఉప్పు లేని వేరుశనగ గుప్పెడు తినొచ్చా అని అడిగితే, వేయించిన మిక్చరు, బిస్కెట్లు ఆపి నిక్షేపంగా తినమన్నారు. ఆరేళ్లలో ఎవరం ఆ ప్రశ్న అడగలేదు. ఫ్రిజ్ మీది కాగితంలో "నూనెగింజలు" అన్న చోట నాన్నే పెన్నుతో కొట్టేసి, పక్కన "రోజుకి గుప్పెడు" అని రాసుకున్నారు. బిస్కెట్ల డబ్బా మాత్రం ఇంకా ఖాళీ కాలేదు. దాని విషయంలో ఆయనకీ అమ్మకీ సాయంత్రం పూట రోజూ వాదనే.

నిన్న రాత్రి అమ్మ ఫోన్ చేసింది. చెయ్యి ఎలా ఉందంటే పిడికిలి బిగుస్తోందంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"వచ్చే వారం పాతపట్నం వెళ్తావు కదా. ఈసారి నువ్వులు ఇంకో రెండు కిలోలు ఎక్కువ ఆడించు. పక్కింటి ఒడియావాళ్ల అమ్మాయి పురిటికి వచ్చింది. తెలకపిండి ఎలా వండాలో అడుగుతోంది."